రేపు మళ్లీ వెళ్లాలనిపిస్తుందా? మైలాపూరు పార్కు, మెరీనా, జిమ్‌లో ట్రెడ్‌మిల్: వాకర్ల కోసం ఒక రివ్యూ

చెన్నైలో వాకింగ్‌కి ఏ చోటు బాగుంటుందని ఎవరినడిగినా చెట్లెన్ని ఉన్నాయో, బండి ఎక్కడ పెట్టుకోవచ్చో, బయట ఫిల్టర్ కాఫీ దొరుకుతుందో లేదో చెబుతారు. ఇవన్నీ కావలసినవే. కానీ ఈ రివ్యూలో మార్కులు వేరే లెక్కన వేశాం. ఆ చోట మన నడక జోరు మన చేతిలో ఉంటుందా? నడిచినంతసేపూ హాయిగా ఉంటుందా? ఈ రెండూ సరిపోయిన చోటికి మూడో నెలలో కూడా వెళ్తారు. సరిపోని చోట, ఎంత పచ్చగా ఉన్నా, మూడో వారానికే కాళ్లు మొరాయిస్తాయి. జనవరి మొదటి వారంలో గేటు దగ్గర కనిపించే కొత్త బూట్లలో సగం ఫిబ్రవరికి కనిపించవు. బద్ధకం అని తేల్చేస్తాం గానీ, చాలామంది విషయంలో అసలు కారణం మొదటి రోజునుంచీ తమది కాని జోరుతో నడవడమే.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎక్కెకాకిస్, లిండ్ అనే పరిశోధకులు కొంతమంది ఆడవాళ్లను ముందు తమకు నచ్చిన వేగంతో ట్రెడ్‌మిల్ మీద నడవనిచ్చారు. ఇంకో రోజు అదే వేగాన్ని 10 శాతం పెంచి నడిపించారు. బరువు ఎక్కువున్నవాళ్లకి ఆ 10 శాతంతోనే నడుస్తున్నకొద్దీ హాయి తగ్గిపోయింది. గంటకి 5 కిలోమీటర్లు నడిచేవాళ్లకి 10 శాతం అంటే అర కిలోమీటరు. పక్కన నడిచేవాళ్లకి కాళ్లు కాస్త పొడుగైతే చాలు, మనకి తెలియకుండానే ఆ అర కిలోమీటరు ఎక్కేస్తుంది.

ఇంకో ప్రయోగం బ్రౌన్ యూనివర్సిటీలో విలియమ్స్ బృందం చేసింది. బరువు ఎక్కువుండి వ్యాయామం అలవాటు లేని 59 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి గుండె వేగం ఇంత నుంచి ఇంత దాకా ఉండాలని గీత గీసిచ్చారు. రెండో జట్టుకి పై హద్దు ఒక్కటి చెప్పి, దానికి లోపు ఎలా నడిచినా సరే అన్నారు. ఆరు నెలల్లో తమ ఇష్టప్రకారం నడిచిన జట్టే వారానికి ఎక్కువ నిమిషాలు నడిచింది. చిన్న ప్రయోగమే, అదే వేదం అనుకోనక్కర్లేదు. కానీ పార్కుల్లో కళ్లారా కనిపించేదానికి ఇది సరిగ్గా అతుకుతుంది.

అలాగని కాళ్లీడ్చుకుంటూ తిరిగితే చాలని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల లెక్కలోకి రావాలంటే నడకలో కాస్త పస ఉండాలి. దాని గుర్తు తేలిక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మైలాపూరులో మాత్రం ఈ పరీక్ష నడవదు, అక్కడ సగం మంది నడుస్తూనే వర్ణం ఎత్తుకోగలరు. కాబట్టి అడుగులు లెక్కపెట్టుకోవడం మేలు. 15 సెకన్లలో వేసిన అడుగుల్ని 4తో గుణిస్తే నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. 100 దగ్గర ఉంటే మామూలు పెద్దవాళ్లకి సరిపోయే జోరు. 84 వస్తే? మొదటి నెలంతా 84తోనే నడవండి, కొంపేం మునిగిపోదు. అక్కడినుంచి కాళ్లే పైకి వెళ్తాయి.

నాగేశ్వరరావు పార్కు, మైలాపూరు

లజ్ చర్చి రోడ్డులో సుమారు 4 ఎకరాల పార్కు. పేరు చూడగానే తెలుగువాళ్ల అడుగు ఒక్క క్షణం ఆగుతుంది. అవును, ఆ నాగేశ్వరరావు పంతులుగారే. అమృతాంజనం, ఆంధ్రపత్రికల కాశీనాథునివారు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది మైలాపూరులోని వారింట్లోనే. తలనొప్పి మందుతో ఇంటింటికీ తెలిసిన మనిషి పేరు పెట్టుకున్న తోటలో ఇప్పుడు మోకాళ్లకి బామ్ రాసుకుని రౌండ్లు కొట్టే పెద్దవాళ్లే ఎక్కువ.

నడకకి వద్దాం. 4 ఎకరాలంటే 16 వేల చదరపు మీటర్ల పైచిలుకు. నలుచదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత సుమారు 500 మీటర్లు. నడకదారి గోడకి లోపలివైపు ఉంటుంది కాబట్టి ఒక రౌండు సుమారుగా అంతేనని వేసుకోవచ్చు. సరిగ్గా కావాలంటే ఫోన్ జీపీఎస్‌ని నమ్మకండి. చెట్ల కింద, చిన్న మలుపుల్లో అది అటూ ఇటూ దూకి దూరాన్ని తప్పు చూపిస్తుంది. ఇంట్లో 2 ఫీట్ల టైల్స్ ఉన్న వరండాలో మామూలుగా 10 అడుగులు వేసి, ఎన్ని టైల్స్ దాటారో చూసుకోండి. 12 టైల్స్ దాటితే 24 ఫీట్లు, అంటే 7.3 మీటర్లు. ఒక్కో అడుగు 73 సెంటీమీటర్లు. పార్కులో ఒక రౌండుకి ఎన్ని అడుగులు పడ్డాయో దాంతో గుణిస్తే రౌండు పొడవు వచ్చేస్తుంది. ఒక్కసారి చేస్తే చాలు, ఏడాదంతా పనికొస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఈ పొట్టి రౌండే వరం. మామూలుగా నడిచినా 6, 7 నిమిషాలకి బయల్దేరిన చోటికే వస్తాం. అంటే ప్రతి 6, 7 నిమిషాలకీ ఇంకోటి కొట్టాలా, జోరు పెంచాలా, తగ్గించాలా, బెంచీ మీద కూర్చోవాలా, ఇంటికి పోవాలా అని తేల్చుకునే అవకాశం చేతికొస్తుంది. ఎంత అలసినా గేటు దూరం కాదు. గుండె, షుగరు, మోకాళ్ల భయం ఉన్నవాళ్లకి ఈ ధైర్యం చాలా పెద్దది. భయం లేనప్పుడే జోరు దానంతటదే సరైన చోట కుదురుతుంది.

లోపాలూ ఆ పొట్టి రౌండువే. ఉదయం 6 నుంచి 7.30 దాకా రద్దీ. ముగ్గురు వరసగా కబుర్లాడుకుంటూ నడిస్తే వెనకవాళ్లు వాళ్ల జోరుకి దిగాలి, లేదంటే పక్కకి తప్పుకుని ముందుకి ఉరకాలి. దాటడానికి ఉరికిన ప్రతిసారీ పది పదిహేను అడుగులు ఆయాసం. అరగంటలో అలా పదిసార్లు జరిగితే హాయి చెడుతుంది. మన నడకకి వేరేవాళ్లు బ్రేకులు, యాక్సిలరేటర్ వేస్తున్నట్టు ఉంటుంది. ఉపాయం ఏమిటంటే తెల్లవారగానే వెళ్లిపోవడం, లేదంటే పార్కు తెరిచి ఉండే వేళ బోర్డు మీద చూసుకుని 7.30 దాటాక వెళ్లడం. అందరూ ఒకే వైపు తిరుగుతుంటే ఎదురు తిరగడం మర్యాద కాదు. ఖాళీ అయ్యాక మాత్రం రోజు మార్చి రోజు దిశ మార్చుకోండి. ఎప్పుడూ ఒకే వైపు మలుపు తిరిగితే ఒక కాలి మీదే ఎక్కువ భారం పడుతుంది.

రౌండ్ల లెక్క తప్పడం ఇక్కడ మామూలే. నాలుగా, అయిదా అని తల బద్దలు కొట్టుకునే బదులు ఎడమ జేబులో ఆరు చింతగింజలు వేసుకుని వెళ్లండి. గేటు దాటినప్పుడల్లా ఒకటి కుడి జేబులోకి. వాచీ చూడక్కర్లేదు, ఫోన్ తీయక్కర్లేదు.

ఆ ఆరు రౌండ్లు ఎలా నడవాలో కూడా చెప్పుకుందాం. మొదటి రౌండు గుడి ప్రదక్షిణలాగా, మరీ నెమ్మదిగా. రెండో రౌండులో భుజాలు వదులు చేసి చేతులు ఊగనివ్వడం. మూడు, నాలుగు, అయిదు రౌండ్లు మాట్లాడగలిగే జోరులో. ఆరోది మళ్లీ నెమ్మదిగా. ఆ ఆఖరి నెమ్మది రౌండుని చాలామంది టైం వేస్టు అని ఎగ్గొడతారు, పైగా ఆఖర్న ఇంకాస్త దంచి ఇంటికెళ్తారు. అదే తప్పు. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో 15 నిమిషాల సైకిల్ వ్యాయామాన్ని ఒక గుంపు తేలికనుంచి కష్టానికి, ఇంకో గుంపు కష్టంనుంచి తేలికకి చేసింది. రెండో గుంపుకి వ్యాయామం అయ్యాక కలిగిన హాయి, వారం తర్వాత కూడా గుర్తున్న హాయి ఎక్కువగా తేలింది. రేపు గేటు దాకా తీసుకొచ్చేది ఆ జ్ఞాపకమే.

ఇక్కడ పొద్దున పూట కనిపించే ఒక జంటను చూడండి. మొదటి రౌండులో ఇద్దరూ పక్కపక్కనే. రెండో రౌండు సగానికి ఆయన రెండడుగులు ముందు. ఆవిడ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, “ఏవండీ, కాస్త ఆగండి” అంటుంది. ఆయన ఆగడు, వెనక్కి తిరిగి “రావే, ఇంకో మూడే!” అంటాడు. మూడో రౌండుకి ఆవిడ ముఖం ఎర్రబడి, మాట తెగి తెగి వస్తుంటుంది. ఆయనకేమో ఆ నడక చాలక విసుగు. ఇద్దరికీ నచ్చని నడక ఇద్దరూ కలిసి నడుస్తున్నారన్నమాట. రౌండు దారిలో దీనికి మందు ఉంది. మొదటి రౌండు, ఆఖరి రౌండు కలిసి నడవాలి. మధ్యలో ఎవరి జోరు వారిది. రౌండు పొట్టిది కాబట్టి ఆయన ఆవిణ్ని ఎలాగూ ఒకసారి దాటతాడు, దాటేటప్పుడు “ఎన్నోది?” అని అడిగితే చాలు. తిన్నగా సాగే దారిలో, అంటే బీచ్‌లో, ఈ సౌకర్యం ఉండదు.

నెలలో మొదటి ఆదివారం ఉదయం ఇక్కడ మైకు లేకుండా పిల్లల కచేరీ జరిగే సంప్రదాయం ఉంది. వీలైతే ఆ రోజు నడక ముందే ముగించి కూర్చోండి. నడక చివర ఒక మంచి విషయం ఎదురుచూస్తుందంటే కాళ్లు వాటంతటవే బయల్దేరతాయి. రోజూ కచేరీ ఉండదు గనుక రోజూవారీ బహుమతి ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. చెన్నై పార్కుల బయట ఉదయం పూట గరిక రసం, అరటిదవ్వ రసం అమ్మే బళ్లుంటాయి. అవి మందులని నమ్మి కాదు, ఇష్టమైతేనే తాగండి. కాఫీ ఇష్టమైతే కాఫీయే, చక్కెర తగ్గించుకుని.

జోరు మన చేతిలో ఉండటానికి: రద్దీ వేళ 5కి 3, మిగతా వేళ 4.5. హాయికి 4.

మెరీనా

చూడటానికి ఇంతకు మించిన చోటు లేదు. కొత్తవాళ్లని ముంచేదీ ఇదే.

రోడ్డు పక్క నడకదారి వెడల్పు. పక్కవాళ్లని దాటడానికి ఉరకక్కర్లేదు, ఎంత జోరుగానైనా, ఎంత నెమ్మదిగానైనా పోవచ్చు. ఆ రకంగా పార్కు కంటే నయం. తంటా అంతా తిరిగి రావడంతో. శ్రామికుల విగ్రహం దగ్గర మొదలుపెట్టి దక్షిణానికి గాంధీ విగ్రహం దాకా సుమారు 2 కిలోమీటర్లు. రెండూ దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసినవే, 1959లో నిలబెట్టినవే. ఆ తర్వాత లైట్‌హౌస్ కనిపిస్తుంటుంది, ఇంకా దగ్గరేనని ఊరిస్తుంది. గాలి బాగుంటుంది, కాళ్లు తేలిగ్గా ఉంటాయి, పోతూనే ఉంటాం. లైట్‌హౌస్ దగ్గర వెనక్కి తిరిగేసరికి ఇంకా అంత దూరమూ నడవాలి. అప్పటికి ఎండ వచ్చేస్తుంది. ఈ దారిలో నీడ అన్నది వెతుక్కోవాలి. అంటే నడకలో తేలిక భాగం ముందు, కష్టం ఆఖర్న. ఇందాక చెప్పిన సైకిల్ ప్రయోగంలో హాయిచ్చిన వరసకి సరిగ్గా తలకిందులు. మర్నాడు అలారం మోగితే గుర్తొచ్చేది సముద్రం కాదు, ఆ ఆఖరి కిలోమీటరు.

మందు తేలికే. దూరాన్ని లెక్కపెట్టకండి, టైం చూసుకోండి. బయల్దేరి 13 నిమిషాలు కాగానే, ఏ విగ్రహం ముందున్నా సరే, వెనక్కి తిరగండి. తిరుగు ప్రయాణానికి 15 పట్టినా మొత్తం 28. 1968 ప్రపంచ తమిళ మహాసభల నాటి విగ్రహాలు దారి పొడుగునా ఉన్నాయి కాబట్టి ఈ రోజు కంబర్ దాకా వచ్చాం, వచ్చే నెల ఇంకో విగ్రహం దాకా అని గుర్తు పెట్టుకోవచ్చు. 13 నిమిషాలకి తిరిగే చోటు దానంతటది ముందుకి జరుగుతుంటే జోరు పెరిగినట్టే. వేరే కొలత అక్కర్లేదు.

ఇసుక సంగతి వేరుగా చెప్పాలి. ఇసుకలో నడిస్తే మంచిదని ఎవరో చెప్పగా విని మొదటి రోజే చెప్పులు విప్పి దిగేవాళ్లున్నారు. బెల్జియంలో 1998లో కొలిచిన లెక్క ప్రకారం ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకంటే 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి ఖర్చవుతుంది. కాలు దిగబడి ఇసుక జారుతుంది, ఆ జారినదంతా మన పిక్కలమీద పడుతుంది. గట్టి నేల మీద హాయిగా ఉన్న జోరుతోనే ఇసుకలో నడవబోతే రెండు నిమిషాల్లో ఆయాసం. మెరీనా ఇసుక వెడల్పు ఎక్కువ కాబట్టి నీళ్ల దాకా వెళ్లడమే ఒక వ్యాయామం. ఇసుక కావాలనుకుంటే మొదట్లో నడక మొత్తంలో 5 నిమిషాలు మించొద్దు, అది కూడా ఆఖర్న కాకుండా మధ్యలో. అలలు తడిపి వెళ్లిన గట్టి ఇసుక కాస్త నయం, కానీ అది సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడుతుంది. ఎంత దూరం దక్షిణానికి పోతే అంతే దూరం ఉత్తరానికి రావాలి, లేకపోతే ఒక పక్క తుంటి, మోకాలు సణుగుతాయి. షుగరు ఉన్నవాళ్లు, పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు వట్టి కాళ్లతో దిగనే వద్దు. గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు.

సాయంత్రాలు వెళ్లేవాళ్లకి గాలి ఇంకా బాగుంటుంది. కానీ సుండల్ బళ్లు, గుర్రాలు, గాలిపటాలు, పిల్లలు. అది వాకింగ్ కాదు, షికారు. షికారుకి 5కి 5 ఇవ్వొచ్చు. నడకకి మాత్రం ఉదయం 5.30 నుంచి 6.30 మధ్య వేళకే మార్కులు.

జోరుకి 4.5, హాయికి వెళ్లేటప్పుడు 5, వచ్చేటప్పుడు 2.

పనగల్ పార్కు, పాండీబజారు

కాళహస్తి పనగంటివారి రామరాయణింగారు, అంటే పనగల్ రాజా పేరున ఉన్న ఈ పార్కు టీనగర్ తెలుగువాళ్లకి ఇంటి ముంగిలి లాంటిది. మెట్రో పనులు సాగినన్నాళ్లూ దీనికి మార్కులు వేయడం అన్యాయం. పక్కనే పాండీబజారులో 2019లో కట్టిన వెడల్పు కాలిబాట మాత్రం తెల్లవారు జామున బాగుంటుంది. షాపులు తెరిచాక ప్రతి అద్దం ముందూ కాళ్లు ఆగుతాయి. సరదా ఉంటుంది, జోరు ఉండదు.

అణ్ణానగర్ టవర్ పార్కు

15 ఎకరాలు. నలుచదరం లెక్కన చుట్టుకొలత కిలోమీటరుకి కాస్త తక్కువ. పార్కుకి మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు, 1968 నాటి 135 అడుగుల టవరు. నాగేశ్వరరావు పార్కులో 20వ నిమిషానికి విసుగు పుట్టేవాళ్లకి ఇది పై మెట్టు. రౌండుకి 11, 12 నిమిషాలు కాబట్టి మూడు రౌండ్లతో పని అయిపోతుంది, లెక్క తప్పదు. అయితే మూడో రౌండు మొదలుపెట్టాలా వద్దా అన్నది కాస్త జాగ్రత్తగా తేల్చుకోవాలి, మధ్యలో మనసు మారితే గేటు దూరం. కొత్తవాళ్లకి 3.5, మూడు నెలలు దాటినవాళ్లకి 4.5.

జిమ్‌లో ట్రెడ్‌మిల్

ఏ జిమ్ అన్నది ముఖ్యం కాదు, యంత్రం అన్నిచోట్లా ఒకటే. ఏసీ ఉంటుంది, కుక్కలుండవు, వానొచ్చినా ఆగదు. మే నెల చెన్నైలో ఇవి చిన్న విషయాలు కావు. అయినా మొదటి నెల డబ్బు కట్టి రెండో నెల మానేసేవాళ్ల జాబితా ఇక్కడే పొడుగు.

కారణం బెల్టు. నేల మీద నడిచేటప్పుడు మన జోరు క్షణక్షణం మారుతుంటుంది. మలుపు దగ్గర తగ్గుతుంది, పాట వింటే పెరుగుతుంది, ఎవరైనా పలకరిస్తే ఇంకా తగ్గుతుంది. మనకి తెలియను కూడా తెలియదు. బెల్టు మీద అలా కుదరదు. తగ్గించాలంటే బటన్ నొక్కాలి, నొక్కడమంటే ఓడిపోయినట్టు అనిపిస్తుంది. అందుకని నొక్కకుండా కడ్డీ పట్టుకుని వేలాడతారు. కడ్డీ పట్టుకున్నాక కాళ్ల మీద భారం తగ్గి, మీటరు చూపించే కేలరీల అంకె వట్టి అబద్ధమైపోతుంది.

ఇంకో బోను 3, 6, 9 అని ఉండే షార్ట్‌కట్ బటన్లు. 3 మరీ నెమ్మది. అందుకని 6 నొక్కుతారు. గంటకి 6 కిలోమీటర్లంటే నిమిషానికి 100 మీటర్లు. 65 సెంటీమీటర్ల అడుగు వేసే మనిషి నిమిషానికి 150కి పైగా అడుగులు వేయాలి. మనుషులు నడక వదిలి పరుగులోకి మారేది 7 దాటుతుండగా. పొట్టివాళ్లకి 6 దగ్గరే నడకా పరుగూ కాని అవస్థ. రెండు బటన్లకీ మధ్య ఉన్న చోటులోనే చాలామంది హాయి ఉంది, దాన్ని ప్లస్ బటన్‌తో 0.1 చొప్పున వెతుక్కోవాలి.

వెతికే పద్ధతి ఇది. అంకె కనిపించకుండా తెర మీద తువ్వాలు కప్పండి. 3 దగ్గర మొదలుపెట్టి రెండు నిమిషాలకోసారి ప్లస్ మూడుసార్లు నొక్కండి. చేతులు కడ్డీకి తగలకూడదు. ఊపిరి మాటని తెంపడం మొదలుపెట్టగానే మైనస్ మూడుసార్లు. అప్పుడు తువ్వాలు తీసి అంకె చూసుకోండి. 4.2 రావచ్చు, 5.1 రావచ్చు. అదే మీ అంకె. రెండు వారాల దాకా దాన్ని ముట్టుకోకండి. ట్రైనర్ వచ్చి “ఇంకొంచెం పెంచండి సార్” అంటే నవ్వి ఊరుకోండి. పస కావాలనిపిస్తే వేగం పెంచే బదులు వాలు 1 నుంచి 2కి పెంచుకుంటే అడుగు తీరు చెడదు.

జోరుకి 2, తువ్వాలు పద్ధతి తెలిస్తే 3.5. హాయి ఎదురుగా ఉన్న టీవీలో ఏం వస్తోందన్న దాన్ని బట్టి.

చేతికి వాచీ

చోటు కాకపోయినా ఇదీ ఒక వస్తువే, అందరి చేతికీ ఉంది కాబట్టి దీనికీ ఒక మాట. 10 వేల అడుగులనే అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది, డాక్టరు చీటీలోంచి కాదు. నిమిషానికి 100 చొప్పున 10 వేలకి 100 నిమిషాలు. ఐటీ కంపెనీలుండే ఓఎమ్‌ఆర్ రోడ్డులో ఉద్యోగం చేసి రాత్రి 8కి ఇల్లు చేరేవాళ్లు అది చూసి గుండె జారి వదిలేస్తారు. 150 నిమిషాల వారాన్ని అయిదు రోజులకి పంచితే రోజుకి 30 నిమిషాలు, అంటే 3 వేల అడుగులు. వాచీలో గోల్ అక్కడికి మార్చుకోండి. మధ్యమధ్య చెయ్యి వణికించి “వేగం పెంచండి” అని చెప్పే సౌకర్యం ఉంటే ఆపేయండి. నడక అయ్యాక ఒకే అంకె రాసుకోండి. నడుస్తున్నప్పుడు ఎలా ఉంది? చాలా బాగుంటే +5, చాలా బాధగా ఉంటే –5, మధ్యలో 0. వరసగా మూడు రోజులు 0కి కిందకి పోతే చోటో, వేళో, పక్కవాళ్లో, జోరో మార్చాలి. క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కన రాసుకున్నా సరిపోతుంది.

ఈ అంకె ఏప్రిల్‌నుంచి జూన్ దాకా తగ్గడం సహజం. చెన్నై ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడటానికి నెత్తురు చర్మం వైపు మళ్లుతుంది, అదే జోరుకి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఫిబ్రవరిలో 6 నిమిషాల్లో కొట్టిన రౌండు మేలో 7 నిమిషాలు పడితే నీరసించినట్టు కాదు. రౌండు టైం చూసుకుని పాత అంకెకోసం పరిగెత్తేవాళ్లే కళ్లు తిరిగి పడతారు. ఎండాకాలం టైం వదిలేసి ఊపిరిని పట్టుకోండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగుడు, తల తిరగడం వస్తే అక్కడే ఆగి మనిషిని పిలవాలి, రౌండు పూర్తి చేయాలన్న పట్టుదల పనికిరాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు షుగరు పడిపోతే పనికొచ్చేలా జేబులో చింతగింజలతో పాటు కాస్త గ్లూకోజో, చక్కెరో కూడా వేసుకోవాలి.

ఇక అక్టోబరునుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. నాచు పట్టిన ఇంటర్‌లాక్ టైల్స్ మీద జారితే నడక ఆర్నెల్లు ఆగిపోతుంది. అరిగిపోయిన బూటు అడుగు ఈ రోజుల్లోనే దొరికిపోతుంది. మడమ బయటి అంచు గీతలు చెరిగిపోయి ఉంటే ఆ జత ఇంట్లో వాడుకోండి. వానరోజుకి అపార్ట్‌మెంటు కింద కార్ పార్కింగే గతి. 30 మీటర్ల పొడవుంటే అటూ ఇటూ 60. ప్రతి చివరా మలుపు కాబట్టి జోరు అందుకునేలోపే ఆపాలి, అరగంట ఒకేసారి నడిస్తే పిచ్చెక్కుతుంది. పొద్దున, మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనం తర్వాత పదేసి నిమిషాలు చేయండి. హాయికి 1 మార్కు, అది కూడా పై అంతస్తు మామీ ఇడ్లీకి రుబ్బుతున్న గ్రైండర్ చప్పుడు వినిపిస్తే.